కమిటీ వేసిన్రు సరే, జవాబుదారు ఎవరు?

ప్రజలు అడిగినదానికి పాలకులు చెప్పే జవాబులు మూడు. ఇస్తామనడం ఒకటి, ఇవ్వమనడం రెండు, కమిటీ వేశామనడం మూడు. ఇస్తామంటే తీసుకుని ఇంటికి పోవచ్చు. ఇవ్వమంటే రోడ్డెక్కి కొట్లాడవచ్చు. తంటా అంతా మూడో జవాబుతోనే. అందులో ఇచ్చినట్టూ ఉంటుంది, ఇవ్వనట్టూ ఉంటుంది. దీక్షలో కూర్చున్నవాళ్లకు నిమ్మరసం తాగించడానికి అంతకన్నా మంచి మాట దొరకదు. ‘మీ సమస్య మీద కమిటీ వేశాం, నివేదిక రాగానే చూస్తాం’ అంటారు. టెంటు పీకుతారు. నివేదిక ఎప్పుడొస్తుందో టెంటు పీకినవాళ్లకు తెలియదు, పీకించినవాళ్లు చెప్పరు.

తెలంగాణకు ఈ జవాబు బాగా పరిచయం. 1953 నుంచి 2014 దాకా మన పేరు మీద పడిన కమిటీలను లెక్కపెట్టాలంటే రెండు చేతుల వేళ్లు చాలవు. ఫజల్ అలీ, లలిత్, భార్గవ, వాంఛూ, జయభారత్ రెడ్డి, సుందరేశన్, గిర్‌గ్లానీ, ప్రణబ్, రోశయ్య, శ్రీకృష్ణ, ఆంటోనీ... అరవై ఏండ్ల చరిత్రను కమిటీల పేర్లతోనే చెప్పవచ్చు. నలభై ఏండ్లు సర్కారు కొలువు చేసి రిటైరైన ఉద్యోగికి ఈ పేర్లు పిల్లల పేర్లంత కంఠతా ఉంటాయి.

రాష్ట్రం వచ్చి పదేండ్లు దాటింది కదా, ఇప్పుడీ పాత లెక్కలెందుకని అడగవచ్చు. కమిటీలు ఆగలేదు కాబట్టి. సర్కారు వేస్తుంది, యూనివర్సిటీ వేస్తుంది, కంపెనీ వేస్తుంది. ఉద్యోగ సంఘం వేస్తుంది, విద్యార్థి సంఘం వేస్తుంది. ఒక పని కోసం కొద్దికాలం పాటు కొందరిని కూర్చోబెట్టడం అనేది ఒక పనిముట్టు. కత్తి లాంటిది. కూరగాయలూ కోస్తుంది, గొంతూ కోస్తుంది. పట్టుకున్నవాడి బుద్ధి ఒక్కటే చూస్తే సరిపోదు, దాని పిడి ఎక్కడుందో అంచు ఎక్కడుందో తెలుసుకోవాలి. తెలంగాణ ఉద్యమం ఈ పనిముట్టు చేత దెబ్బలు తిన్నది, అదే పనిముట్టును తన చేతుల్లోకి తీసుకుని గెలిచింది కూడా. ఆ అనుభవం యాదిలో పెట్టుకోకపోతే మళ్లీ మొదటికొస్తాం.

ప్రాణం ఎక్కడుంటుంది?

ఏ సంస్థలోనైనా రెండు రకాల కమిటీలుంటాయి. నిబంధనావళిలోనే రాసి ఉండే స్థాయీ సంఘం ఒకటి. సభ్యులు మారినా అది ఉంటుంది. దాని అధికారం నిబంధనల్లోంచి వస్తుంది. రెండోది తాత్కాలిక కమిటీ. ఒక తీర్మానంతోనో ఒక జీవోతోనో పుడుతుంది. ఒకే ఒక పని ఉంటుంది. ఆ పని కాగానే, నివేదిక ఇవ్వగానే దాని ఆయుష్షు తీరిపోతుంది.

ఇట్లాంటి కమిటీ అవసరమే లేదనడం తెలివితక్కువ మాట. కొన్ని పనులు ఏ ఒక్క శాఖకూ ఇమడవు. హాస్టల్లో అన్నం తిని పిల్లలు ఆస్పత్రి పాలైతే వార్డెన్ మీద వార్డెనే విచారణ చేయలేడు. యూనియన్ నిబంధనావళిని మార్చాలంటే రోజువారీ పనుల్లో మునిగిన కార్యవర్గానికి తీరిక ఉండదు. జీతాల సవరణ మీద యాజమాన్యంతో మాట్లాడాలంటే లెక్కలు తెలిసినవాళ్లూ చట్టం తెలిసినవాళ్లూ కలిసి కూర్చోవాలి. అప్పుడు హోదాతో సంబంధం లేకుండా తగినవాళ్లను ఏరి, పని అప్పజెప్పి, పూర్తికాగానే ఎవరి చోటికి వాళ్లను పంపడమే మంచి పద్ధతి.

అయితే ఆ కమిటీ ప్రాణం అయిదు చోట్ల ఉంటుంది. ఏం పని చేయాలో రాసిచ్చే విధివిధానాలు మొదటిది. ఎన్ని రోజుల్లో చేయాలనే గడువు రెండోది. ఫైళ్లు తెప్పించుకునే, మనుషుల్ని పిలిపించుకునే అధికారం మూడోది. సభ్యులెవరు, ముఖ్యంగా నివేదిక రాసే మెంబర్ సెక్రటరీ ఎవరు అన్నది నాలుగోది. నివేదిక వచ్చాక ఎవరు, ఎన్నాళ్లలో అమలు చేయాలన్నది అయిదోది. మొదటి నాలుగూ ఉండి అయిదోది లేకపోతే ఆ కమిటీ పుస్తకం రాసి పెడుతుంది. విధివిధానాలే వంకరగా ఉంటే ఎంత నిజాయితీపరుడు కూర్చున్నా వంకర జవాబే వస్తుంది.

చట్టం కూడా ఈ తేడాను గుర్తించింది. 1952 నాటి విచారణ సంఘాల చట్టం కింద వేసిన కమిషన్‌కు సాక్షుల్ని పిలిపించడంలో, పత్రాలు తెప్పించడంలో సివిల్ కోర్టుకుండే అధికారాలుంటాయి. నివేదిక అందిన ఆరు నెలల్లో, దాని మీద తీసుకున్న చర్యల పత్రంతో సహా ప్రభుత్వం దాన్ని చట్టసభ ముందు పెట్టాలి. మామూలు జీవోతో వేసే కమిటీకి ఇవేవీ ఉండవు. అడిగితే శాఖలు ఇస్తే ఇస్తాయి, లేకుంటే లేదు. నివేదిక బల్ల మీద పెట్టినా ఒకటే, బీరువాలో పెట్టినా ఒకటే. అందుకే ‘కమిటీ’, ‘కమిషన్’, ‘ఉపసంఘం’ అనే మాటలు పేపర్లో చదివినప్పుడు అన్నీ ఒకటే అనుకోవద్దు. ఏ చట్టం కింద వేశారన్నది మొదట చూడాలి. చట్టం కింద వేసినంత మాత్రాన గ్యారంటీ కూడా లేదు. 1992-93 ముంబయి అల్లర్ల మీద జస్టిస్ శ్రీకృష్ణ చేస్తున్న విచారణను 1996లో మహారాష్ట్ర ప్రభుత్వం మధ్యలోనే రద్దు చేసింది. ఒత్తిడి వచ్చాక మళ్లీ పునరుద్ధరించింది. వేసినవాడికి తీసేసే అధికారం ఎప్పుడూ ఉంటుంది.

కష్టపడ్డ కమిటీ, కదలని సర్కారు

తెలంగాణ కథ ఒక మంచి కమిటీతోనే మొదలైంది. 1953 డిసెంబర్‌లో ఫజల్ అలీ అధ్యక్షతన, కుంజ్రూ, పణిక్కర్ సభ్యులుగా రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ కమిషన్ ఏర్పడింది. దేశమంతా తిరిగింది. తొమ్మిది వేల మందికి పైగా మనుషుల మాట విన్నది. లక్షన్నర పత్రాలు తీసుకున్నది. రెండేండ్లు నిండకముందే, 1955 సెప్టెంబర్ 30న నివేదిక ఇచ్చింది. హైదరాబాద్ రాష్ట్రాన్ని విడిగా ఉంచాలని, 1961 ప్రాంతంలో వచ్చే ఎన్నికల తర్వాత ఆ శాసనసభ మూడింట రెండు వంతుల మెజారిటీతో కోరితేనే ఆంధ్రతో కలపాలని స్పష్టంగా చెప్పింది. ఏడాది తిరిగేసరికి, 1956 నవంబర్ 1న కలిపేశారు. కమిషన్ తన పని తాను చక్కగా చేసింది. అమలు చేయాల్సినవాళ్లు తమ పని తాము చేసుకున్నారు. కమిటీ ఎంత గొప్పదన్నది ఒక ప్రశ్న, దాని మాట ఎవరిని కట్టిపడేస్తుందన్నది వేరే ప్రశ్న. ఈ పాఠం మనకు మొదటి రోజే అందింది.

1969లో రెండో పాఠం. జనవరిలో విద్యార్థులు రోడ్డెక్కితే అఖిలపక్షం కూర్చుని, తెలంగాణ మిగులు నిధుల లెక్క తేల్చే పని లలిత్‌కు అప్పజెప్పింది. లెక్క వచ్చింది. దాని మీద నమ్మకం చాలలేదని ఏప్రిల్‌లో ఇందిరాగాంధీ అష్టసూత్ర పథకం ప్రకటిస్తూ అదే మిగులు లెక్కకు భార్గవ కమిటీని, ముల్కీ రక్షణల సంగతి చూడడానికి వాంఛూ కమిటీని వేశారు. ఒక కమిటీ లెక్క మీద మరో కమిటీ లెక్క. పిల్లలు తుపాకి గుండ్లకు నేలకొరుగుతుంటే, దోచిన సొమ్ము ఎంతో తేల్చే పని మాత్రం పద్ధతి ప్రకారం సాగింది. దొంగ ఎవరో తెలిసినా, పోయిన సొమ్ము ఎంతో తేలేదాకా ఫిర్యాదు తీసుకోనన్నట్టుంది వ్యవహారం.

ఆరు వందల పది: ఒక జీవో, నాలుగు విచారణలు

ఉద్యోగులకు అన్నిటికన్నా బాగా తెలిసిన కథ ఇది. కాబట్టి కొంచెం వివరంగా చూద్దాం.

1975 అక్టోబర్‌లో రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చాయి. రాష్ట్రాన్ని జోన్లుగా విడదీసి స్థానికులకు ఉద్యోగాల్లో వాటా కల్పించాయి. తెలంగాణ 5, 6 జోన్ల కిందికి వచ్చింది. పదేండ్లు తిరిగేసరికి ఆ ఉత్తర్వులను ఎట్లా తుంగలో తొక్కుతున్నారో ఎన్జీవోలు లెక్కలతో సహా బయటపెట్టారు. ఎన్టీ రామారావు ప్రభుత్వం జయభారత్ రెడ్డి నాయకత్వంలో అధికారుల కమిటీ వేసింది. ఆ కమిటీ మాటల్లో కాక అంకెల్లో జవాబిచ్చింది. నిబంధనలకు విరుద్ధంగా తెలంగాణలో చేరిన స్థానికేతరులు 58,962 మంది అని తేల్చింది.

అంకె వచ్చాక ఇక మిగిలింది పంపడమే. కానీ ఆ అంకెను పరిశీలించడానికి సుందరేశన్‌తో ఏకసభ్య కమిటీ వేశారు. ఆ తర్వాతే 1985 డిసెంబర్ 30న జీవో 610 వచ్చింది. 1986 మార్చి 31లోగా వాళ్లందరినీ సొంత జోన్లకు పంపాలని అందులో రాశారు. చూడండి, ఇక్కడ గడువుంది. పని కూడా స్పష్టంగా ఉంది. లేనిదల్లా అయిదో ప్రాణం. అమలు చేయాల్సింది ఎవరు? ఏ శాఖాధిపతులు నిబంధనలు తప్పి నియామకాలు చేశారో వాళ్లే. అమలు కాకపోతే అడిగేదెవరు? ఎవరూ లేరు. మూడు నెలల గడువు మూడు నెలల తర్వాత చచ్చిపోయింది. జీవో మాత్రం బతికే ఉంది, పదిహేనేండ్లపాటు సభల్లో ఉపన్యాసాలకు పనికొస్తూ.

ఉద్యమం మళ్లీ వేడెక్కిన 2001లో, జూన్ నెలలో, చంద్రబాబు ప్రభుత్వం గిర్‌గ్లానీ ఏకసభ్య కమిషన్ వేసింది. ఇక్కడ విధివిధానాల్లోని మెలికను గమనించాలి. 1985లో చెప్పిన పని ‘పంపండి’. 2001లో చెప్పిన పని ‘పంపారో లేదో చూడండి’. పదహారేండ్లకు ఒక మెట్టు పైకెక్కాల్సింది పోయి ఒక మెట్టు కిందికి దిగాం. తొంభై రోజుల పని అన్నారు. శాఖల నుంచి సమాచారం రాబట్టడమే పెద్ద యజ్ఞమైంది. తుది నివేదిక 2004 సెప్టెంబర్‌లో వచ్చింది. ఉల్లంఘనలు ఎన్ని రకాలుగా జరిగాయో ఆ పెద్దమనిషి ఓపికగా వర్గాలుగా విడదీసి, ఒక్కోదానికి మందు కూడా రాసిచ్చారు. మందు చీటీ ఉంది, వైద్యుడూ మంచివాడే. మందు కొనాల్సినవాడు మాత్రం మరో వైద్యుడి దగ్గరికి పోదామన్నాడు. శాసనసభలో ఉత్తమ్‌కుమార్ రెడ్డి నాయకత్వాన హౌస్ కమిటీ వచ్చింది.

అధికారుల కమిటీ, దాని మీద ఏకసభ్య కమిటీ, జీవో మీద కమిషన్, కమిషన్ మీద హౌస్ కమిటీ. నాలుగు విచారణలు. ఈ ఇరవై ఏండ్లలో 1985లో కొలువు కోసం ఎదురుచూసిన డిగ్రీ విద్యార్థికి వయోపరిమితి దాటిపోయింది. అతని కొడుకు డిగ్రీకి వచ్చాడు. కమిటీ ఆలస్యం ధరను కట్టేది ఈ తండ్రీకొడుకులే. ఏ నివేదికలోనూ ఆ ధరకు ఒక పేజీ కేటాయించరు.

‘ఎట్లా’ నుంచి ‘అసలు ఇద్దామా’ దాకా

రాజకీయ కమిటీల తీరు మరొకటి. 2004 యూపీఏ ఉమ్మడి కనీస కార్యక్రమంలో తెలంగాణ మాటకు సంప్రదింపులు, ఏకాభిప్రాయం అనే షరతు తగిలించారు. ఆ ఏకాభిప్రాయం కోసం ప్రణబ్ ముఖర్జీ ఉపసంఘం వచ్చింది. పార్టీలకు లేఖలు రాసింది. నివేదిక మాత్రం ఇవ్వలేదు. ఏకాభిప్రాయం అనేదాన్ని ఎంతమంది ఒప్పుకుంటే ఏకాభిప్రాయమో చెప్పకుండా కమిటీకి అప్పజెబితే అది ఎన్నటికీ తెగదు. ఒక్కడు అడ్డం నిలబడినా పని ఆగిపోతుంది. 2009 ఫిబ్రవరిలో రాజశేఖర రెడ్డి శాసనసభలో రోశయ్య కమిటీ ప్రకటించారు. మార్చి 2న ఎన్నికల షెడ్యూలు వచ్చేసింది. సభే పోతున్నప్పుడు సభా కమిటీ ఏం చేస్తుంది? రేపు కూల్చే ఇంటికి ఇవాళ సున్నం వేయించినట్టు.

అయితే ఈ వరుసలో అందరూ చదవాల్సిన పాఠం శ్రీకృష్ణ కమిటీ. 2009 డిసెంబర్ 9 రాత్రి కేంద్ర హోంమంత్రి చిదంబరం తెలంగాణ రాష్ట్ర ఏర్పాటు ప్రక్రియ మొదలుపెడుతున్నామన్నారు. అంటే ‘ఇద్దామా వద్దా’ అనే ప్రశ్న అయిపోయింది. మిగిలింది ‘ఎట్లా ఇద్దాం’. ఆ తర్వాత 2010 ఫిబ్రవరిలో వేసిన కమిటీ ‘ఎట్లా’ చూడాలి. కానీ విధివిధానాల్లో ప్రత్యేక రాష్ట్ర డిమాండునూ, సమైక్యంగా ఉంచాలనే డిమాండునూ పక్కపక్కన పెట్టి పరిశీలించమన్నారు. ఒక్క వాక్యంతో గడియారాన్ని డిసెంబర్ 9కి వెనక్కి తిప్పేశారు. తెలంగాణ ఆ మోసాన్ని అదే రోజు పట్టుకుంది. నివేదిక దాకా ఆగకుండా విధివిధానాల మీదే ఎమ్మెల్యేల రాజీనామాలు జరిగాయి. జూలై ఉప ఎన్నికల్లో 12 స్థానాల్లో 11 టీఆర్ఎస్, ఒకటి బీజేపీ గెలిచాయి. ప్రజలు కమిటీకి తమ జవాబు బ్యాలెట్ పెట్టెలో వేసి పంపారు.

2010 డిసెంబర్ 30న నివేదిక గడువులోగానే వచ్చింది. ఆరు ప్రత్యామ్నాయాలు చెప్పింది. సమైక్య రాష్ట్రంలో తెలంగాణకు చట్టబద్ధమైన ప్రాంతీయ మండలి అన్నదాన్ని అన్నిటికన్నా మేలైనదంది. తెలంగాణకు ప్రాంతీయ కమిటీ 1958లోనే వచ్చి, పదిహేనేండ్లు ఉండి, 1973లో షట్సూత్ర పథకంతో పోయింది. ముందరి కమిటీల అనుభవం చదవని కమిటీ పాత మందునే కొత్త సీసాలో పోసి ఇస్తుంది. దీనికి తోడు శాంతిభద్రతల మీది ఎనిమిదో అధ్యాయాన్ని మూసిన కవర్లో హోంశాఖకు ఇచ్చారు. 2011 మార్చిలో హైకోర్టులో జస్టిస్ ఎల్. నరసింహారెడ్డి ఆ రహస్యాన్ని తన తీర్పులో తీవ్రంగా తప్పుపట్టారు. ఎవరి బతుకుల మీద నివేదిక రాశారో వాళ్లకే కనపడని పేజీలుంటే, అది ఎవరి కోసం రాసిన నివేదిక?

ఇప్పుడు దీనికి ఎదురుగా 2013ను పెట్టి చూడండి. జూలై 30న కాంగ్రెస్ వర్కింగ్ కమిటీ తీర్మానం చేసింది. అక్టోబర్ 3న కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. అప్పుడు మంత్రుల బృందాన్ని వేశారు. దాని పని ‘ఇద్దామా’ కాదు, నీళ్లు, ఆస్తులు, ఉద్యోగులు, రాజధాని సంగతి ఎట్లా తేల్చాలన్నది. రెండు నెలలకే, డిసెంబర్ 5న, బిల్లు మంత్రివర్గం ముందుకొచ్చింది. 2014 ఫిబ్రవరిలో పార్లమెంటు దాటింది. అదే సర్కారు, అదే ఢిల్లీ. నాలుగేండ్లు ప్రణబ్ కమిటీతో తెగనిది, పదకొండు నెలలు శ్రీకృష్ణ కమిటీతో తెగనిది, రెండు నెలల మంత్రుల బృందంతో తెగింది. నిర్ణయం తర్వాత వేసిన కమిటీ పని చేస్తుంది. నిర్ణయం తప్పించుకోవడానికి వేసిన కమిటీ కాలం తింటుంది. ఈ రెండింటి తేడా కనిపెట్టడమే ఉద్యమకారుడికి ఉండాల్సిన మొదటి చదువు.

అధికారం లేని కమిటీల బలం

సర్కారు కమిటీలకు జీవో ఉంటుంది, బడ్జెటుంటుంది, ఎర్ర బుగ్గ కారుండేది. అవేవీ లేకుండా పని చేసిన కమిటీలూ మన కళ్లముందే ఉన్నాయి. ఎమర్జెన్సీ తర్వాత 1977లో జస్టిస్ తార్కుండే నాయకత్వంలో, కె.జి. కన్నబిరాన్ కార్యదర్శిగా పౌరుల కమిటీ ఒకటి ఎన్‌కౌంటర్ల మీద నిజ నిర్ధారణకు దిగింది. 1975లో గిరాయిపల్లి అడవిలో చంపబడిన నలుగురు విద్యార్థుల కేసుతో సహా ఊరూరా తిరిగి సాక్ష్యాలు సేకరించింది. దానికి ఏ సాక్షికీ సమన్లు పంపే అధికారం లేదు. ఉన్నదల్లా ఒకే ఒక ప్రశ్న, కొద్ది సమయం, అందరి ముందు పెట్టిన నివేదిక. ఆ నివేదికల ఒత్తిడి వల్లనే ప్రభుత్వం అధికారికంగా భార్గవ కమిషన్ వేయాల్సి వచ్చింది. అన్ని అధికారాలున్న ఆ కమిషనేమో విచారణ రహస్యంగా జరపాలన్న పేచీలో పడి ముందుకు సాగలేదు. ఆ తర్వాత పౌరహక్కుల సంఘాల నిజ నిర్ధారణ కమిటీలన్నీ ఇదే బాటలో నడిచాయి. ముగ్గురో అయిదుగురో పోతారు, రెండు రోజులు తిరుగుతారు, నాలుగు పేజీలు రాసి బయటపెడతారు, ఎవరింటికి వాళ్లు పోతారు.

ఇక మన జేఏసీ. 2009 డిసెంబర్ 23న చిదంబరం మాట మార్చారు. మర్నాడే, డిసెంబర్ 24న, కోదండరాం సారథ్యంలో తెలంగాణ రాజకీయ జేఏసీ పుట్టింది. అదీ తాత్కాలిక కమిటీయే. ఒకే పని, తెలంగాణ రాష్ట్రం. ఎవరి జెండా వాళ్లకుంది, ఎవరి సిద్ధాంతం వాళ్లకుంది. ఉద్యోగులకు, విద్యార్థులకు, వకీళ్లకు, డాక్టర్లకు, కరెంటు కార్మికులకు వేర్వేరు జేఏసీలు. మండలానికొకటి, ఊరికొకటి. పైనుంచి ఎవరూ ఎవరికీ ఆర్డరు వేయలేరు. కార్యక్రమం మీద ఒప్పందం కుదిరితేనే అడుగు పడుతుంది. కాంగ్రెస్, తెలుగుదేశం మధ్యలో బయటికి పోయినా కమిటీ ఆగలేదంటే కారణం, దాని వేళ్లు పార్టీల్లో కాక ఊర్లలో ఉండడం. 2011 మార్చి 10 మిలియన్ మార్చ్, సెప్టెంబర్ 13 నుంచి 42 రోజుల సకల జనుల సమ్మె, 2012 సెప్టెంబర్ 30 సాగరహారం. ఏ స్థాయీ సంఘమూ ఇంతమందిని ఇన్ని రోజులు ఒక్క తాటి మీద నడిపించలేదు.

జేఏసీ బలం ఎక్కడుందో బలహీనతా అక్కడే ఉంది. పని అయ్యాక ఏం చేయాలన్నది పుట్టిన రోజు ఎవరూ రాసుకోలేదు. 2014 జూన్ 2 తర్వాత జేఏసీ ఉండాలా, పోవాలా, కాపలాదారుగా మారాలా అని పెద్ద చర్చే నడిచింది. 2018లో సారథే తెలంగాణ జన సమితి పెట్టారు. అంతకుముందు 1969లో తెలంగాణ ప్రజా సమితిదీ వేరే దారి. ఉద్యమ వేదికగా మొదలై, పార్టీగా మారి, 1971లో 10 లోక్‌సభ స్థానాలు గెలిచి, అదే ఏడాది కాంగ్రెస్‌లో కలిసిపోయింది. ప్రజలు ఒక పని కోసం అప్పగించిన నమ్మకాన్ని ఇంకో పనికి వాడాలంటే మళ్లీ ఆ ప్రజల దగ్గరికే పోయి అడగాలి. తాత్కాలిక కమిటీకి పుట్టుక ఎంత ముఖ్యమో ముగింపూ అంతే ముఖ్యం. లెక్కలు ఎవరికి అప్పజెప్పాలి, కాగితాలు ఎవరి దగ్గరుండాలి, పేరు ఎవరు వాడుకోవచ్చు అన్నది మొదటి సమావేశం మినిట్స్‌లోనే ఉండాలి. యూనియన్లలో సగం తగాదాలు ఇక్కడినుంచే మొదలవుతాయి.

ఇప్పటి సంగతి

సొంత రాష్ట్రం వచ్చాక కమిటీల తీరు మారిందా? విభజన చట్టం తొమ్మిదో షెడ్యూలులోని 91 సంస్థల పంపకానికి 2014లో షీలా భిడే కమిటీ వచ్చింది. గడువు మీద గడువు పెంచారు. సిఫార్సులు చేసింది. రెండు రాష్ట్రాలూ ఒప్పుకుంటేనే అమలు కాబట్టి ఏండ్ల తరబడి పంచాయితీ తెగలేదు. మళ్లీ అదే లోపం, తీర్పును అమలు చేయించే చేయి లేదు.

2021 డిసెంబర్‌లో జీవో 317 వచ్చింది. కొత్త జోన్లు, జిల్లాల ప్రకారం ఉద్యోగుల్ని, టీచర్లను కేటాయించారు. స్థానికత కోసం ఒక తరం కొట్లాడితే, ఆ స్థానికతే పోయిందని వేలమంది రోడ్డెక్కారు. భార్య ఒక జిల్లాలో, భర్త ఒక జిల్లాలో. 2024లో ప్రభుత్వం మారాక మంత్రివర్గ ఉపసంఘాన్ని వేశారు. 610 చదివిన ఉద్యోగులకు ఈ దారి కొత్తది కాదు. ఏ పార్టీ కుర్చీలో ఉందన్నదాన్ని బట్టి కమిటీ మీద నమ్మకం పెంచుకోవడమో తెంచుకోవడమో చేస్తే 1985 నుంచి 2004 దాకా జరిగిందే మళ్లీ జరుగుతుంది. పార్టీని చూడకుండా ఆ అయిదు ప్రాణాలను చూడాలి.

కాబట్టి విద్యార్థులకూ ఉద్యోగులకూ ఒక మాట. రేపు మీ వైస్ చాన్సలరో, మీ మేనేజ్‌మెంటో, మీ మంత్రో కమిటీ వేశామని చెప్పినప్పుడు చప్పట్లు కొట్టవద్దు, కోపంతో లేచిపోవద్దు. అయిదు ప్రశ్నలు కాగితం మీద రాసి చేతికివ్వండి. కమిటీని అడుగుతున్నది ‘ఇద్దామా’ అనా, ‘ఎట్లా ఇద్దాం’ అనా? నివేదిక తేదీ ఏది, ఆ తేదీ దాటితే కమిటీ ఉంటుందా పోతుందా? ఫైళ్లు ఇవ్వని అధికారి మీద ఎవరు చర్య తీసుకుంటారు? నివేదిక రాసేది ఎవరు, అందులో మన ప్రతినిధి భిన్నాభిప్రాయం రాసే హక్కు ఉందా, మొత్తం నివేదిక బయటపెడతారా? చివరగా, ఏ హోదాలో ఉన్న ఏ అధికారి ఎన్ని రోజుల్లో అమలు చేయాలి, చేయకపోతే ఎవరికి సంజాయిషీ చెప్పాలి?

ఇదే కొలబద్ద మన సంఘాలకూ పెట్టాలి. ఎదుటివాణ్ని అడిగే ప్రశ్న ఇంట్లో అడగకపోతే ఆ అడగడానికి విలువ లేదు. మన యూనియన్ వేసిన వేతన కమిటీ, మన విద్యార్థి సంఘం వేసిన విచారణ కమిటీ ఎన్ని నెలలుగా కూర్చోలేదో రికార్డు తీసి చూడండి. పదిమందిని వేసి కన్వీనర్‌ను మరిచిపోయిన కమిటీలు, అలిగినవాళ్లను బుజ్జగించడానికి వేసిన కమిటీలు మనలోనూ ఉన్నాయి. వాటిని ఈ వారమే పిలిచి గడువు పెట్టండి. లేదా రద్దు చేయండి.

610 కథలో నాలుగు విచారణలు జరిగినా పని జరగలేదంటే, అది చేసినవాళ్ల తెలివితక్కువ వల్ల కాదు. మొదటి రోజే ‘అమలు చేసేది ఎవరు’ అని రాయించుకోకపోవడం వల్ల. నివేదిక వచ్చాక అడిగితే ఆలస్యమైపోయింది. ప్రశ్న అడగాల్సిన సమయం కమిటీ ప్రకటించిన ఆ గంటే. నిమ్మరసం గ్లాసు చేతికిచ్చినప్పుడు దాన్ని పక్కన పెట్టండి. అయిదు జవాబులూ సంతకంతో వచ్చాకే టెంటు పీకండి.